మా రోజుల్లో ఇంజనుకి చెవి ఒగ్గేవాళ్లం

ఇప్పటి కుర్రాళ్ల బండి కబుర్లు వింటే ఒళ్లు మండుతుంది. పికప్ తగ్గిందా, మ్యాప్ మార్చు. ట్రాఫిక్‌లో కుదుపుతోందా, మ్యాప్ మార్చు. సైలెన్సర్ మార్చావా, దానికీ మ్యాపే. జబ్బు ఏదైనా మందు ఒకటే. సీటు ఊడదీసి, అరచేతిలో ఇమిడే నల్ల పెట్టె ఒకటి వైర్ల మధ్య గుచ్చి, మళ్లీ సీటు బిగించేస్తారు. అక్కడితో ట్యూనింగ్ అయిపోయిందట! ఆ పెట్టె ఏం చేస్తుందిరా అబ్బాయ్ అని అడిగితే తెల్లమొహం వేస్తాడు. అమ్మినవాణ్ని అడిగినా అంతే. "పవర్ పెరుగుద్దండీ" అంటాడు. ఎంత పెరుగుద్ది, ఏ ఆర్‌పీఎం దగ్గర పెరుగుద్ది, దేనివల్ల పెరుగుద్ది అని నిలదీస్తే మాట రాదు.

పెట్టె మీద నాకు కోపం లేదు, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. తెలిసినవాడి చేతిలో అది మంచి పనిముట్టు. ఇంజను ఏమంటోందో వినకుండా దాని మీద చెయ్యి వేసే ఈ కొత్త అలవాటు చూస్తేనే నాకు మండుతుంది.

మా రోజుల్లో షెడ్డులో చేరిన కుర్రాడికి కార్బొరేటర్ ముట్టుకునే యోగం అంత తొందరగా పట్టేది కాదు. విజయవాడ ఆటోనగర్‌లో నేను పని నేర్చుకున్నప్పుడు మొదట్లో స్పానర్లు తుడవడం, చైన్లు కిరోసిన్‌లో కడగడం, టీలు తేవడం, ఇంతే. ఆ పనులు చేస్తూనే చెవులు మాత్రం తెరిచి ఉంచాలి. బండి స్టార్ట్ చేసి మేస్త్రీ "ఏం వినపడుతోందిరా?" అనేవాడు. టాపెట్ల టకటక వేరు, టైమింగ్ చైను గరగర వేరు, పిస్టన్ వదులైతే వచ్చే చప్పుడు వేరు. తప్పు చెబితే మొట్టికాయ. చెప్పగలిగిన రోజునే స్క్రూడ్రైవర్ చేతికొచ్చేది.

అప్పటి బండ్లు కూడా మనిషికి చదువు చెప్పేవి. మద్రాసులో తయారైన బుల్లెట్టునే చూడండి. దాన్ని స్టార్ట్ చెయ్యడానికే ఒక పద్ధతి ఉండేది. తాళం తిప్పి, కిక్కరు మెల్లగా నొక్కుతూ హెడ్‌లైట్ పైనున్న ఆమ్‌మీటరు ముల్లును చూడాలి. పాయింట్లు మూసుకుని ఉన్నంతసేపు ముల్లు డిశ్చార్జి వైపు ఒరిగి ఉంటుంది. తెరుచుకోగానే మధ్యకి వస్తుంది. అక్కడ ఆగి, డీకంప్రెషన్ లివర్ పట్టుకుని, కిక్కరు ఇంకాస్త దింపి, లివర్ వదిలేసి, కిక్కర్ని పైకి రానిచ్చి, అప్పుడు నిండుగా ఒక్క తోపు తొయ్యాలి. ఈ వరస తెలిసినవాడికి పిస్టన్ ఎక్కడుందో, స్పార్కు ఎప్పుడు పడుతుందో, కంప్రెషన్ బిగువుగా ఉందో లేదో కాలికే తెలిసిపోయేది. పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. టైమింగ్ పెట్టడానికి సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం పాయింట్ల మధ్య దూర్చి, అది జారే క్షణాన్ని పట్టుకునేవాళ్లం.

ఇక కార్బొరేటర్. జావాకి జికోవ్, ఆర్‌ఎక్స్100కి మికుని, బుల్లెట్టుకి మిక్‌కార్బ్. పేరు ఏదైనా సూత్రం ఒకటే. థ్రాటిల్ మూసి ఉన్నప్పటి నుంచి ఎనిమిదో వంతు దాకా స్లో జెట్టుదీ, ఎయిర్ స్క్రూదీ పెత్తనం. అక్కణ్నుంచి పావు దాకా స్లైడు అంచున కోసిన వంపుది. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్‌ది. ఆ పైన మెయిన్ జెట్టుది. అందుకే గ్రిప్పు మీద తెల్ల ప్లాస్టరు ముక్క అతికించి పెన్నుతో గీతలు పెట్టేవాళ్లం. బండి ఏ గీత దగ్గర మొరాయిస్తోందో చూస్తే ఏ భాగం విప్పాలో తెలిసేది. పావు థ్రాటిల్ దగ్గర నసిగే బండికి మెయిన్ జెట్టు మార్చేవాణ్ని చూసి షెడ్డంతా నవ్వేది. నీడిల్ క్లిప్పు ఒక గాడి కిందికి దింపితే నీడిల్ పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది, ఒక గాడి పైకి పెడితే తగ్గుతుంది. ఒకసారికి ఒక్కటే మార్పు. మార్చి, నడిపి, చూసి, ఆ తర్వాతే రెండోది.

చూడడమంటే ప్లగ్గు చూడడం. ఊరి బయట ఖాళీ రోడ్డు మీద థ్రాటిల్ ఒక్కచోట నిలిపి కొంత దూరం నడిపి, క్లచ్ పట్టి, అదే క్షణంలో ఇంజను ఆపేసి, బండి నిలిచాక ప్లగ్గు విప్పేవాళ్లం. పింగాణీ తెల్లబడితే పెట్రోలు చాలడం లేదు. మసి పట్టి నల్లబడితే ఎక్కువైంది. బిస్కెట్టు రంగు తేలితే సరిపోయింది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే వచ్చాక ఆ రంగులు పల్చబడ్డాయి. అప్పుడు పింగాణీ మొదట్లో, లోలోపల పడే మసి వలయాన్ని చూడడం నేర్చుకున్నాం. పెట్రోలు మారితే కళ్లకి కొత్త చదువు చెప్పుకున్నాం తప్ప, చూడడం మానలేదు.

అన్నిటికంటే పెద్ద నియమం, జెట్టు ముట్టుకునేది ఆఖర్న. ముందు ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గు, పాయింట్లు, టాపెట్లు, కంప్రెషన్. ట్యాంకు మూతలో గాలి రంధ్రం పూడిందా, మానిఫోల్డ్ దగ్గర గాలి లీకవుతోందా, చైను వదులైందా, అన్నీ చూడాలి. ఇవన్నీ సరిగా ఉన్నాయని తేలాకే కార్బొరేటర్ వైపు చూసేవాళ్లం. మద్రాసు పక్కన షోలవరంలో పాత విమానాల రన్‌వే మీద రేసులు జరిగిన కాలంలో, ట్యూనింగ్ తెలిసినవాడి దగ్గర జెట్ల డబ్బా ఒకటి ఉండేది. పొద్దుటి చల్లగాలి చిక్కగా ఉంటుంది కనుక దానికి పెద్ద జెట్టు, మధ్యాహ్నపు ఎండలో గాలి పల్చబడుతుంది కనుక చిన్న జెట్టు. డబ్బా ఉండడం గొప్ప కాదు, ఏ గంటకి ఏది వెయ్యాలో తెలియడం గొప్ప.

కాలం మారింది, బండ్లూ మారాయి. 2006లో హీరో హోండా గ్లామర్‌కి ఫ్యూయెల్ ఇంజెక్షన్ వచ్చింది. 2007లో ఇంజెక్షన్‌తో దిగిన పల్సర్ 220, 2009లో మళ్లీ కార్బొరేటర్‌తో వస్తే, "చూశారా, మన కార్బొరేటరే గట్టిది" అని షెడ్లలో మురిసిపోయినవాళ్లున్నారు. కానీ 2020 ఏప్రిల్ 1న బీఎస్6 కాలుష్య నియమాలు అమల్లోకి వచ్చేసరికి కొత్త బండ్లలో కార్బొరేటర్ కథ దాదాపు ముగిసింది. ఇంజెక్షన్ చెడ్డదని నేననను. లంబసింగి చలిలో తెల్లవారుజామున చోక్ లాగే పని లేకుండా స్టార్టవుతుంది. ఘాట్ ఎక్కుతుంటే గాలి పల్చబడిన సంగతి తనే కనిపెట్టి పెట్రోలు తగ్గించుకుంటుంది. లడఖ్‌లో ఐదువేల మీటర్లు దాటిన కనుమల మీద కార్బొరేటర్ బండి నల్లపొగ కక్కుతూ ఆయాసపడితే, చిన్న జెట్టు వెయ్యడం తప్ప గతి ఉండేది కాదు. ఆ బాధ ఇప్పుడు తీరింది. మంచిదే.

మరి ఇంత తెలివైన ఏర్పాటు మధ్యలో దూరే ముందు అది ఎలా లెక్క వేస్తుందో తెలుసుకోవద్దూ? ఈసీయూ అనే ఆ చిన్న కంప్యూటరు ఆర్‌పీఎం ఎంత, థ్రాటిల్ ఎంత తెరిచారు, లోపలికొచ్చే గాలి పీడనం ఎంత, వేడి ఎంత, ఇంజను వేడెక్కిందా, ఇవన్నీ చూసి ఇంజెక్టర్ ఎంతసేపు తెరవాలో నిర్ణయిస్తుంది. 6000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో సిలిండర్‌కి సెకనుకి 50 సార్లు ఈ పని జరగాలి. అంటే ఒక్కో దఫాకి దొరికేది 20 మిల్లీసెకన్లు. అంత వేగంలోనూ సైలెన్సర్ పైపులో ఉన్న ఆక్సిజన్ సెన్సర్ మాట వింటూ, నిలకడగా పోతున్నప్పుడు పెట్రోలుని ఎప్పటికప్పుడు దిద్దుకుంటూ ఉంటుంది. మేము ప్లగ్గు విప్పి చూసిన పనిని అది రోడ్డు మీదే చేసేస్తోందన్నమాట.

"కంపెనీవాళ్లు కావాలని పెట్రోలు తక్కువ పెడతారు" అని కుర్రాళ్లు ఫిర్యాదు చేస్తారు. అందులో కొంత నిజముంది. కారణం కూడా తెలుసుకోండి. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. సైలెన్సర్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్ విషవాయువుల్ని సరిగా శుభ్రం చేసేది ఆ లెక్క చుట్టుపక్కలే. బీఎస్6 ప్రకారం బైకు వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు కిలోమీటరుకి 60 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇంజను ఎక్కువ బలం చూపేది మాత్రం గాలి లెక్క 12.5 నుంచి 13 మధ్య ఉన్నప్పుడు. ఈ రెండు లెక్కల మధ్య ఉన్న తేడాయే మీకు లో థ్రాటిల్‌లో కుదుపుగానూ, ఎండాకాలం ట్రాఫిక్‌లో కాళ్లకి తగిలే వేడిగానూ కనిపిస్తుంది. మన పిల్లలు పీల్చే గాలి కోసం పెట్టిన లెక్క అది. దాన్ని మార్చేవాడికి ఎందుకు మారుస్తున్నాడో, ఎంత మారుస్తున్నాడో తెలిసి ఉండాలి.

ఇప్పుడు పెట్టె సంగతి. ఇది ఈసీయూకీ ఇంజెక్టర్‌కీ మధ్య కూర్చుంటుంది. దానిలో ఒక పట్టిక ఉంటుంది, మ్యాప్ అనేది దాన్నే. ఒకవైపు ఆర్‌పీఎం, ఇంకోవైపు థ్రాటిల్ శాతం. ఒక్కో గడిలో ఒక్కో అంకె. ఈసీయూ 5 మిల్లీసెకన్లు తెరవమంటే, ఆ గడిలో +8 అని ఉంటే, పెట్టె 5.4 మిల్లీసెకన్లు తెరుస్తుంది. అంకె మైనస్ అయితే తగ్గిస్తుంది. సున్నా అయితే ఉన్నదున్నట్టు పంపిస్తుంది. అంతే, ఇందులో మాయ లేదు. పవర్ కమాండర్ అనే పేరుతో అమ్మే పెట్టె చేసే ముఖ్యమైన పని ఇదే. మన బెంగళూరులో తయారయ్యే పవర్‌ట్రానిక్ లాంటివి స్పార్కు టైమింగ్‌ని కూడా కదుపుతాయి. ఇంకొన్ని ఆక్సిజన్ సెన్సర్ వైరు దగ్గర మాటు వేసి, సెన్సర్ చెప్పే మాటని కాస్త మార్చి ఈసీయూకి చెబుతాయి. టైమింగ్ ముందుకి జరిపే పెట్టెతో మరింత జాగ్రత్త కావాలి. పెట్రోలు కాస్త ఎక్కువైతే ప్లగ్గు నల్లబడుతుంది, టైమింగ్ హద్దు దాటితే ఇంజను కొట్టుకుని పిస్టన్ కరిగిపోతుంది.

కుర్రాళ్లకి తెలియని సంగతి ఒకటి చెబుతాను. పవర్ కమాండర్ తయారుచేసే అమెరికా కంపెనీ డైనోజెట్ అంతకుముందు కార్బొరేటర్లకి జెట్ కిట్లు అమ్మింది. జెట్టు మారిస్తే నిజంగా బలం పెరిగిందా అని కొలవడానికి బండి చక్రం కింద తిరిగే డైనో రోలరు కూడా తనే చేసి అమ్మింది. పెట్టె వచ్చింది ఆ తర్వాత. అంటే ఆ పెట్టె వెనక జెట్లు మార్చి మార్చి, కొలిచి కొలిచి చూసినవాళ్ల పని ఉంది. మీరేమో కొలత వదిలేసి పెట్టె ఒక్కటే పట్టుకొచ్చారు!

అసలు కడుపుమంట రెడీమేడ్ మ్యాప్‌ల గురించి. ఫలానా మోడలు, ఫలానా సైలెన్సర్, ఫలానా ఫిల్టరు అని చూసి, ఎవరో ఎక్కడో తమ బండి మీద తయారుచేసిన పట్టికని మీ పెట్టెలోకి ఎక్కించేస్తారు. మొదలుపెట్టడానికి అది పనికొస్తుంది, కాదనను. అక్కడే ఆపేస్తే ఎలా? ఒకే రోజు షోరూములో దిగిన రెండు బండ్లు కూడా కొంతకాలం నడిచాక ఒకలా ఉండవు. ఒకదాని ఇంజెక్టర్‌లో చెత్త చేరుతుంది, ఇంకోదాని వాల్వు క్లియరెన్స్ బిగుసుకుంటుంది. పెట్రోలు కూడా ఒకటి కాదు. మన బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. దానికి కావాల్సిన గాలి లెక్క 14.7 కాదు, సుమారు 13.5. అంటే అదే గాలికి పెట్రోలు ఎక్కువ పొయ్యాలి. పాత పెట్రోలు మీదో, వేరే దేశపు పెట్రోలు మీదో తీసిన మ్యాప్‌లో ఫుల్ థ్రాటిల్ గడులు మన బండికి సరిపోతాయని ఎవరు పరీక్షించారు?

అంతకంటే ఘోరం ఇంకోటుంది. పెట్టె ఎంత పెట్రోలు పెంచినా, నిలకడగా పోతున్నప్పుడు ఆక్సిజన్ సెన్సర్ "ఎక్కువైంది" అని చెబుతుంది, ఈసీయూ తగ్గించేస్తుంది. దాంతో కొందరు ఆ సెన్సర్ ఊడబీకి, దాని చోట ఒక డమ్మీ తగిలించేస్తారు. ఇక బండికి కళ్లు పోయినట్టే. బంకు బంకుకీ ఇథనాల్ పాలు కాస్త అటూ ఇటూ అయినా ఈసీయూకి తెలియదు, ఇంజెక్టర్‌లో చెత్త చేరినా తెలియదు. కంపెనీ ఇచ్చిన తెలివిని చంపేసి, దాని చోట కొలవని అంకెలు పెట్టడాన్ని ట్యూనింగ్ అంటే నేనొప్పుకోను.

మొన్నామధ్య ఓ కుర్రాడు బండి తోసుకొచ్చాడు. "అంకుల్, పెట్టె వేయించాను, మ్యాప్ రెండుసార్లు మార్పించాను, అయినా ఇరవై ముప్పై స్పీడులో కుదుపుతోంది" అన్నాడు. ప్లగ్గు విప్పితే మసి. పెట్రోలు పెంచీ పెంచీ ఇంజనుని ముంచేశారు. చైను చూస్తే రెండు వేళ్లు కిందికి జారింది. థ్రాటిల్ బాడీకీ హెడ్‌కీ మధ్య రబ్బరు మీద కార్బ్ క్లీనర్ స్ప్రే కొడితే ఐడిల్ మారిపోయింది. అంటే అక్కడ గాలి లీకు. కొత్త ఫిల్టరు బిగించినవాడెవడో క్లాంపు వదులుగా వదిలేశాడు. క్లాంపు బిగించి, చైను సర్ది, పెట్టెలో అంకెలన్నీ సున్నా చేసి పంపాను. కుదుపు పోయింది. ఆ కుర్రాడికి ఖర్చయింది వేలు, చెయ్యాల్సిన పని స్క్రూడ్రైవర్‌తో ఒక తిప్పు. వాడి తప్పు ఏముంది? ఆ రబ్బరు చూడమని వాడికి చెప్పినవాళ్లు లేరు. చూడాల్సినవాళ్లు ల్యాప్‌టాప్ చూశారు.

థ్రాటిల్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో పట్‌పట్‌మని పేలడాన్ని ఇప్పుడు ముచ్చటగా చెప్పుకుంటున్నారు. మా రోజుల్లో అది రోగలక్షణం. ముందు ఎగ్జాస్ట్ గ్యాస్కెట్టు చూసేవాళ్లం, ఎందుకంటే ఆ కీలు దగ్గర బయటిగాలి లోపలికి పీల్చుకున్నా అదే పేలుడు వస్తుంది. అది చూడకుండా మ్యాప్‌లో పెట్రోలు పోసి శబ్దం అణచాలనుకుంటే సిలిండర్ గోడలకున్న ఆయిలు పొర కడిగేసుకుపోతుంది, మిగిలిన పెట్రోలు ఇంజనాయిల్లోకి దిగుతుంది, కన్వర్టర్ కాలిపోయేంత వేడెక్కుతుంది. వీధిలో పసిపిల్లలు ఉలిక్కిపడటం, ముసలివాళ్లకి నిద్ర పట్టకపోవడం దీనికి అదనం.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటనే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకీ ఓనరుకి 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడే వీలుంది. రేస్ ట్రాక్ మీద నడిపే బండి సంగతి వేరు. రోడ్డు మీద తిరిగే బండికి సెన్సర్లు పీకించుకునే ముందు ఈ మాట గుర్తుంచుకోవాలి.

పద్ధతిగా చేసేవాళ్లు లేరా అంటే, ఉన్నారు. వాళ్ల దగ్గరికి బండి తీసుకెళ్తే ముందు సర్వీసు చేస్తారు. డైనో మీద పెట్టి, సైలెన్సర్ చివర వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టి, ఏ ఆర్‌పీఎం దగ్గర ఏ థ్రాటిల్‌కి గాలి లెక్క ఎంతుందో గడి గడికీ రాసుకుంటారు. పెట్రోలు తక్కువున్న చోట పెంచుతారు, ఎక్కువున్న చోట తగ్గిస్తారు. ముందు ఎంత, తర్వాత ఎంత, రెండు గీతలు ఒకే కాగితం మీద చేతిలో పెడతారు. వాళ్లని చూస్తే నాకు మా మేస్త్రీలే గుర్తొస్తారు. గ్రిప్పు మీద మేము పెట్టుకున్న గీతలే వాళ్ల పట్టికలో థ్రాటిల్ శాతాలయ్యాయి, మా బిస్కెట్టు రంగే వాళ్ల 13 అయింది. పనిముట్టు మారినా పని వరస మారలేదు. ఒకసారికి ఒక్కటే మార్పు, మార్చాక కొలవడం, కొలిచాకే రెండోది.

ఈ వరస నేర్పేవాళ్లు తగ్గిపోతున్నారన్నదే నా గోల. షెడ్డులో ఈనాటి కుర్రాడికి స్కానర్ ఇస్తాం, ఫాల్ట్ కోడ్ చదవడం నేర్పుతాం, కోడ్ రాని జబ్బు వస్తే ఏం చెయ్యాలో మాత్రం నేర్పం. వదులైన చైనుకి కోడ్ రాదు. కారుతున్న గ్యాస్కెట్టుకి కోడ్ రాదు. వాటికి కన్నూ చెవీ కావాలి, వాటిని తయారుచెయ్యడానికి ఓపికున్న మేస్త్రీ కావాలి. ఐటీఐలో మోటారు మెకానిక్ చదివే పిల్లవాడి ముందు పాత కార్బొరేటర్ ఒకటి పెట్టి, ఏ జెట్టు ఎప్పుడు పనిచేస్తుందో చేత్తో చూపించండి. వాడికి మ్యాప్ పట్టిక ఒక్క పూటలో అర్థమవుతుంది. పట్టికతో మొదలుపెట్టినవాడు ఎన్నేళ్లకీ అంకెల దగ్గరే ఉండిపోతాడు.

కాబట్టి అబ్బాయిలూ, పెట్టె కొనుక్కోండి, నేను అడ్డు రాను. కొనేముందు ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గు, టాపెట్లు, చైను, గాలి లీకులు చూపించుకోండి. అవన్నీ సరిచేశాక కూడా బండి ఎక్కడ ఇబ్బంది పెడుతోందో మీరే గమనించి, గేరు, ఆర్‌పీఎం, థ్రాటిల్ కాగితం మీద రాసుకోండి. ఆ కాగితంతో షాపుకెళ్లి మూడు ప్రశ్నలు అడగండి. నా బండి గాలి లెక్క ఇప్పుడు ఎంతుంది? దాన్ని ఏ గడిలో ఎంత మారుస్తావు? మార్చాక ఎంతైందో ఎలా చూపిస్తావు? ఈ మూడింటికీ జవాబు చెప్పలేనివాడి చేతికి బండి తాళం ఇవ్వకండి.